ఒకే నెట్ కనెక్షన్.. ఇంటిల్లిపాదికీ: రూటర్ కొనాలా? ల్యాప్‌టాప్ సరిపోతుందా?

గౌలిగూడ గల్లీలో ఓ పాత మేడ అనుకుందాం. నెట్ తీగ కింది గది వరకే వచ్చింది. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, నాన్న హాట్‌స్పాట్ ఆన్ చేశారు. పై గదిలో అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది. ఆఫీసుకు టైమైందని ఆయన ల్యాప్‌టాప్ మూసేస్తే? పరీక్ష మధ్యలోనే నెట్ పోతుంది.

రెండూ చేసే పని ఒకటే

కంపెనీ ఇంటికి మామూలుగా ఇచ్చేది ఒకే ఇంటర్నెట్ చిరునామా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పార్శిళ్లను ఏ ఫ్లాట్‌వి ఆ ఫ్లాట్‌కు చేర్చినట్టు, వచ్చిన డేటాను ఏ ఫోన్‌ది ఆ ఫోన్‌కు చేర్చేదే రూటర్. ఈ పని కోసమే తయారైన డబ్బా హార్డ్‌వేర్ రూటర్. అదే పనిని కంప్యూటర్‌తో చేయిస్తే సాఫ్ట్‌వేర్ రూటర్.

ల్యాప్‌టాప్‌తో పంచుకుంటే?

పైసా ఖర్చు లేదు. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని 'మొబైల్ హాట్‌స్పాట్' ఆన్ చేస్తే చాలు. అయితే 8 పరికరాలకే పరిమితి. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లినా, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయినా అందరికీ నెట్ ఆగిపోతుంది.

పాత డెస్క్‌టాప్‌లో పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి పూర్తిస్థాయి రూటర్‌గా మార్చుకోవచ్చు. కానీ సాధారణంగా రెండు ల్యాన్ పోర్టులు, వైఫై కోసం విడిగా యాక్సెస్ పాయింట్ కావాలి. నెట్‌వర్కింగ్ తెలిసినవారికే ఇది సులువు.

కరెంటు లెక్క

24 గంటలూ నడిస్తే 10 వాట్ల రూటర్‌కు నెలకు సుమారు 7 యూనిట్లు, 80 వాట్ల డెస్క్‌టాప్‌కు దాదాపు 58 యూనిట్లు ఖర్చవుతాయి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అనుకోవద్దు. కరెంటు పోయి ఫైబర్ డబ్బా ఆగితే నెట్ కూడా పోతుంది. రూటర్‌కూ, ఆ డబ్బాకూ కలిపి చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు.

కొనే ముందు చూడాల్సినవి

• కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బాలోనే వైఫై వస్తుంటే, చాలావరకు అదే రూటర్. మరొకటి కొన్నా దాన్ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో పెట్టండి.

• పాత ఇళ్ల మందపాటి గోడలను 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువైనా దూరం వెళ్తుంది. రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి.

• ప్లాన్ వేగం 100 ఎంబీపీఎస్ దాటితే గిగాబిట్ పోర్టులు ఉన్నదే అడగండి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, వారంటీ చూసుకోండి.

• డబ్బాతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి.

వేగం రాకపోతే?

ముందు ల్యాన్ కేబుల్‌తో నేరుగా పరీక్షించండి. అప్పుడు వేగం బాగుంటే లోపం వైఫైది. అప్పుడూ రాకపోతే కంపెనీకి ఫిర్యాదు చేసి, డాకెట్ నంబర్ రాసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు.

ఒక పూట అవసరానికి ల్యాప్‌టాప్ చాలు. పరీక్షలు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్న ఇంటికి మాత్రం రూటరే నమ్మకం.