జెర్రీ రైస్

1962 అక్టోబరు 13న జన్మించిన జెర్రీ లీ రైస్ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ క్రీడాకారుడు. వైడ్ రిసీవర్ స్థానంలో ఆడిన ఇతడు 1985 నుంచి 2004 వరకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 20 సీజన్ల పాటు పాల్గొన్నాడు. ఇందులో మొదటి 16 సీజన్లు శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టుకు, ఆ తరువాత ఓక్లాండ్ రైడర్స్, సియాటిల్ సీహాక్స్ జట్లకు ప్రాతినిధ్యం వహించాడు. మూడు సూపర్ బౌల్ విజయాలలో భాగస్వామి అయిన రైస్, లీగ్ చరిత్రలో అత్యధిక క్యాచ్‌లు, అత్యధిక రిసీవింగ్ గజాలు, అత్యధిక టచ్‌డౌన్లు సాధించిన క్రీడాకారుడు. అసాధారణమైన వేగం లేకున్నా కఠోర సాధనతో ఈ స్థాయికి చేరినవాడిగా ఇతడు ప్రసిద్ధి చెందాడు.

వైడ్ రిసీవర్ స్థానము

అమెరికన్ ఫుట్‌బాల్, భారతదేశంలో ఫుట్‌బాల్‌గా పిలువబడే సాకర్‌కు పూర్తిగా భిన్నమైన క్రీడ. జట్టుకు 11 మంది చొప్పున ఆడే ఈ ఆటలో కోలగా ఉండే బంతిని 100 గజాల మైదానం చివరనున్న ఎండ్‌జోన్‌కు చేర్చిన జట్టుకు 6 పాయింట్లు లభిస్తాయి. దీనినే టచ్‌డౌన్ అంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగవలెను. లేనిచో బంతి ప్రత్యర్థి జట్టు వశమవుతుంది.

జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరగా, దానిని అందుకోవడం వైడ్ రిసీవర్ ముఖ్య విధి. ఇతడు వరుసకు ఒక చివర నిలబడి, ముందుగా నిర్ణయించిన మార్గంలో పరుగెత్తుతాడు. ఈ మార్గాన్ని రూట్ అంటారు. రిసీవర్ ఎన్ని అడుగుల తరువాత ఏ దిశకు మళ్ళుతాడో క్వార్టర్‌బ్యాక్‌కు ముందే తెలిసి ఉంటుంది. అందువలన అతడు మళ్ళకముందే బంతి గాలిలో ఉంటుంది. అడుగు తప్పితే బంతి నేలపాలు కావచ్చు, లేదా ప్రత్యర్థి చేతికి చిక్కవచ్చు. కాబట్టి ఈ స్థానంలో వేగంతో పాటు ఖచ్చితత్వం కూడా అంతే ముఖ్యము.

బాల్యము, విద్యాభ్యాసము

జెర్రీ రైస్ మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌లో జన్మించి, సమీపంలోని క్రాఫర్డ్ అనే చిన్న ఊరిలో పెరిగాడు. తండ్రి జో నేథన్ రైస్ తాపీ మేస్త్రి. ఎనిమిది మంది సంతానంలో జెర్రీ ఆరవవాడు. వేసవి సెలవులలో అన్నదమ్ములతో కలిసి తండ్రికి పనిలో సహాయపడేవాడు. క్రింది నుంచి సోదరులు విసిరిన ఇటుకలను పరంజాపై నిలబడి అందుకోవడం ఇతని పని. తన చేతుల బలానికి, శ్రమించే అలవాటుకు ఆ ఇటుకల పనే మూలమని రైస్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నాడు.

బి.ఎల్.మూర్ ఉన్నత పాఠశాలలో చదువుతుండగా ఒకనాడు తరగతి ఎగ్గొట్టి, ఉపప్రధానోపాధ్యాయుని కంటబడి పరుగు లంకించుకున్నాడు. ఆ పరుగు చూసిన ఆయన శిక్ష విధించడంతో పాటు, ఈ కుర్రవాడి గురించి ఫుట్‌బాల్ కోచ్‌కు కూడా చెప్పాడు. రైస్ ఫుట్‌బాల్ ప్రవేశం ఆ విధంగా జరిగింది.

పెద్ద విశ్వవిద్యాలయాలు ఇతనిపై ఆసక్తి చూపలేదు. చివరకు ఇట్టా బీనాలోని మిసిసిపీ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇది నల్లజాతి విద్యార్థుల కొరకు ఏర్పడిన చిన్న విద్యాసంస్థ. అక్కడి కోచ్ ఆర్చీ కూలీ బంతిని ఎక్కువగా విసిరే సాహసోపేతమైన పద్ధతిని అనుసరించేవాడు. నలుగురు రిసీవర్లను ఒకే వైపు నిలబెట్టడం అతని ప్రయోగాలలో ఒకటి. క్వార్టర్‌బ్యాక్ విల్లీ టాటెన్‌తో రైస్ జోడీ బాగా కుదిరింది. 1984 సీజన్‌లో రైస్ 27 టచ్‌డౌన్ క్యాచ్‌లు సాధించి దేశం దృష్టిని ఆకర్షించాడు. ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ ఓటింగులో తొమ్మిదవ స్థానం పొందాడు. చిన్న కళాశాల క్రీడాకారునికి ఇది అరుదైన గౌరవం. విశ్వవిద్యాలయ క్రీడా మైదానానికి తరువాత వీరిద్దరి పేరిట రైస్–టాటెన్ స్టేడియం అని నామకరణం చేశారు.

లీగ్ ప్రవేశము

1984 అక్టోబరులో ఒక మ్యాచ్ కోసం హ్యూస్టన్ వెళ్ళిన ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్, హోటల్ గదిలోని టెలివిజన్‌లో రైస్ ఆటను చూసి ముగ్ధుడయ్యాడు. అయితే చిన్న జట్లపై ఆడిన ఆట పెద్ద లీగ్‌లో నిలుస్తుందా అనే సందేహం చాలామందికి ఉండేది. రైస్ పరుగు వేగం ఈ స్థానానికి సాధారణమైనదేనన్న అభిప్రాయం కూడా ఉండేది. 1985 డ్రాఫ్ట్‌లో అల్ టూన్, ఎడ్డీ బ్రౌన్ అనే ఇద్దరు రిసీవర్లు ఇతనికంటే ముందుగా ఎంపికయ్యారు. వాల్ష్ తన మొదటి, రెండవ రౌండ్ల అవకాశాలను న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌కు వదులుకొని, 28వ స్థానం నుంచి ముందుకు జరిగి 16వ ఆటగాడిగా రైస్‌ను ఎంచుకున్నాడు.

తొలి సీజన్ సాఫీగా సాగలేదు. సంక్లిష్టమైన రూట్లను గుర్తు చేసుకోవడంలో మునిగి బంతి మీద దృష్టి నిలపలేక అనేక క్యాచ్‌లు జారవిడిచాడు. సొంత మైదానంలోనే ప్రేక్షకుల నిరసన చవిచూశాడు. అయితే 1985 డిసెంబరు 9న లాస్ ఏంజిల్స్ రామ్స్‌పై 10 క్యాచ్‌లతో 241 గజాలు సాధించి తన సత్తా నిరూపించుకున్నాడు. మరుసటి ఏడాది 1,570 గజాలు, 15 టచ్‌డౌన్ క్యాచ్‌లతో ఆ రెండింటిలోనూ లీగ్‌లో ప్రథముడయ్యాడు. ఆ సీజన్ మాత్రం చేదుగా ముగిసింది. 1987 జనవరిలో న్యూయార్క్ జెయింట్స్‌తో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఎదురులేకుండా ఎండ్‌జోన్ వైపు పరుగెడుతూ బంతిని చేజార్చుకున్నాడు. ఆ మ్యాచ్‌లో ఫార్టీనైనర్స్ 49–3 తేడాతో పరాజయం పొందింది.

సాధన

రైస్ శిక్షణ పద్ధతి లీగ్‌లో కథలుగా చెప్పుకోబడింది. విశ్రాంతి నెలలలో ఉదయం పూట కాలిఫోర్నియాలోని శాన్ కార్లోస్ సమీపాన ఉన్న ఎడ్జ్‌వుడ్ పార్కులో సుమారు 4 కిలోమీటర్ల కొండ దారిపై పరుగెత్తేవాడు. ఆ దారిని ఇతనికి పరిచయం చేసినవాడు సహ క్రీడాకారుడు రోజర్ క్రెయిగ్. మధ్యాహ్నం బరువులెత్తే వ్యాయామం ఉండేది. ఇతనితో కలిసి సాధన చేయడానికి వచ్చిన పలువురు యువ క్రీడాకారులు మధ్యలోనే విరమించుకొనేవారు. జట్టు సాధనలో అందుకున్న ప్రతి బంతితోనూ ఎండ్‌జోన్ వరకు పూర్తి వేగంతో పరుగెత్తడం ఇతని అలవాటు. ఆట చివరి నిమిషాలలో ప్రత్యర్థులు అలసిపోయినప్పుడు కూడా రైస్ వేగం తగ్గకపోవడానికి ఈ సాధనే కారణమని చెప్పవచ్చు.

ఫార్టీనైనర్స్ స్వర్ణయుగము

1987లో క్రీడాకారుల సమ్మె కారణంగా రైస్ ఆడినవి 12 మ్యాచ్‌లే అయినా 22 టచ్‌డౌన్ క్యాచ్‌లతో కొత్త రికార్డు సృష్టించాడు. 2007లో రాండీ మాస్ 16 మ్యాచ్‌లలో 23 సాధించే వరకు ఈ రికార్డు 20 సంవత్సరాలు నిలిచింది.

1989 జనవరి 22న మయామీలో సిన్సినాటీ బెంగాల్స్‌తో జరిగిన 23వ సూపర్ బౌల్‌లో రైస్ 11 క్యాచ్‌లు, 215 గజాలు సాధించి అత్యుత్తమ క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. చివరి నిమిషాలలో వెనుకబడి ఉన్న ఫార్టీనైనర్స్, క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా నాయకత్వంలో 92 గజాలు ముందుకు సాగి 20–16తో నెగ్గింది. మరుసటి ఏడాది డెన్వర్ బ్రాంకోస్‌పై 55–10తో గెలిచిన సూపర్ బౌల్‌లో ఇతడు మూడు టచ్‌డౌన్లు చేశాడు. 1990 అక్టోబరు 14న అట్లాంటా ఫాల్కన్స్‌పై ఒకే మ్యాచ్‌లో ఐదు టచ్‌డౌన్ క్యాచ్‌లు అందుకున్నాడు.

మోంటానా తరువాత స్టీవ్ యంగ్ క్వార్టర్‌బ్యాక్ అయిననూ రైస్ జోరు తగ్గలేదు. వీరిద్దరి జోడీ మొత్తం 85 టచ్‌డౌన్లు సాధించింది. 1992 డిసెంబరులో 101వ టచ్‌డౌన్ క్యాచ్‌తో స్టీవ్ లార్జెంట్ రికార్డును, 1994 సెప్టెంబరు 5న 127వ టచ్‌డౌన్‌తో జిమ్ బ్రౌన్ రికార్డును అధిగమించాడు. 1995 జనవరిలో శాన్ డియాగో చార్జర్స్‌పై జరిగిన సూపర్ బౌల్‌లో భుజానికి గాయమైననూ తిరిగి మైదానంలోకి వచ్చి మూడు టచ్‌డౌన్లు పూర్తి చేశాడు. 1995 సీజన్‌లో 122 క్యాచ్‌లతో 1,848 గజాలు సాధించాడు. ఈ గజాల రికార్డును 2012లో కాల్విన్ జాన్సన్ 1,964 గజాలతో దాటాడు.

గాయము, పునరాగమనము

1997 ఆగస్టు 31న టాంపా బే బుకనీర్స్‌తో జరిగిన తొలి మ్యాచ్‌లోనే రైస్ ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. అంతవరకు గాయం కారణంగా ఒక్క మ్యాచ్‌కూ దూరం కాని ఇతనికి అప్పుడు 34 సంవత్సరాలు. ఇటువంటి గాయం మానడానికి సాధారణంగా చాలా నెలలు పట్టినప్పటికీ, రైస్ పట్టుదలతో డిసెంబరు 15ననే తిరిగి మైదానంలో దిగాడు. మోంటానా జెర్సీ సంఖ్యకు జట్టు వీడ్కోలు పలికిన రాత్రి అది. ఒక టచ్‌డౌన్ కూడా చేశాడు. అయితే ఆ క్యాచ్ అందుకొని పడినప్పుడే మోకాలిచిప్ప పగిలి, ఆ సీజన్ అంతటితో ముగిసింది. తొందరపాటుకు మూల్యం చెల్లించిననూ 1998లో తిరిగి వచ్చి 82 క్యాచ్‌లతో 1,157 గజాలు సాధించాడు.

చివరి సంవత్సరాలు

టెర్రెల్ ఓవెన్స్ ఎదుగుదలతోను, ఆటగాళ్ళ వేతనాలపై గల పరిమితి వలనను 2000 సీజన్ తరువాత ఫార్టీనైనర్స్ రైస్‌ను వదులుకుంది. 2001లో ఓక్లాండ్ రైడర్స్‌లో చేరిన ఇతడు, 40 సంవత్సరాలు నిండిన 2002 సీజన్‌లో 92 క్యాచ్‌లు, 1,211 గజాలు సాధించాడు. ఆ జట్టు సూపర్ బౌల్ చేరి బుకనీర్స్ చేతిలో 48–21తో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లోనూ ఒక టచ్‌డౌన్ చేసి, నాలుగు సూపర్ బౌల్‌లలో టచ్‌డౌన్ చేసినవాడయ్యాడు.

2004 సెప్టెంబరులో, వరుసగా 274 మ్యాచ్‌లలో కనీసం ఒక క్యాచ్ అందుకున్న రికార్డు పరంపర బఫెలో బిల్స్‌పై ముగిసింది. మరుసటి నెలలో సియాటిల్ సీహాక్స్‌కు మారాడు. ఆ జట్టు లార్జెంట్ గౌరవార్థం పక్కన పెట్టిన 80వ సంఖ్య జెర్సీని లార్జెంట్ అనుమతితో ధరించాడు. 2005లో డెన్వర్ బ్రాంకోస్ శిక్షణ శిబిరంలో పాల్గొన్ననూ ప్రధాన రిసీవర్లలో స్థానం దక్కే అవకాశం లేకపోవడంతో సెప్టెంబరు 5న నిష్క్రమణ ప్రకటించాడు. 2006 ఆగస్టులో ఫార్టీనైనర్స్ ఇతనితో లాంఛనంగా ఒప్పందం చేసుకొని, ఆ జట్టు సభ్యుడిగానే వీడ్కోలు పలికే అవకాశం కల్పించింది.

గణాంకాలు

* మ్యాచ్‌లు: 303
* క్యాచ్‌లు: 1,549. రెండవ స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ క్యాచ్‌లు 1,432
* రిసీవింగ్ గజాలు: 22,895. రెండవ స్థానంలో ఉన్న ఫిట్జ్‌జెరాల్డ్ కంటే 5,403 ఎక్కువ
* టచ్‌డౌన్ క్యాచ్‌లు: 197. రెండవ స్థానంలో ఉన్న రాండీ మాస్ సాధించినవి 156
* మొత్తం టచ్‌డౌన్లు: 208
* వెయ్యికి పైగా గజాలు సాధించిన సీజన్లు: 14
* సూపర్ బౌల్‌లలో మొత్తం: 33 క్యాచ్‌లు, 589 గజాలు, 8 టచ్‌డౌన్లు. ఇందులో క్యాచ్‌ల రికార్డును 2025 ఫిబ్రవరిలో ట్రావిస్ కెల్సీ దాటాడు

గౌరవాలు, విమర్శలు

రైస్ 13 సార్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. 1987, 1993 సంవత్సరాలలో ఉత్తమ దాడి క్రీడాకారుని పురస్కారం పొందాడు. 2006లో కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ, 2010 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ స్థానం లభించింది. 2010లోనే ఫార్టీనైనర్స్ 80వ సంఖ్య జెర్సీని శాశ్వతంగా ఇతనికే కేటాయించింది. లీగ్ శతాబ్ది సందర్భంగా 2019లో ప్రకటించిన సార్వకాలిక జట్టులోనూ ఇతడు ఉన్నాడు.

2015లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో తన చేతి తొడుగులకు జిగురు పదార్థం పూసుకునేవాడినని రైస్ చెప్పడం వివాదాస్పదమైంది. అటువంటి పదార్థాలను లీగ్ 1981లోనే నిషేధించింది. తన కాలపు క్రీడాకారులందరూ అదే చేసేవారని రైస్ వివరణ ఇచ్చినప్పటికీ కొందరు సమకాలికులు దానిని అంగీకరించలేదు.

హాల్ ఆఫ్ ఫేమ్ ప్రసంగంలో, తనను నిత్యం ముందుకు నడిపించినది విఫలమవుతానన్న భయమేనని రైస్ పేర్కొన్నాడు. ఇన్ని విజయాలు సాధించిననూ వాటిని ఆస్వాదించడానికి ఏనాడూ సమయం తీసుకోలేదన్నదే తన ఏకైక విచారమని కూడా చెప్పాడు. ఇతని కుమారుడు బ్రెండెన్ రైస్ కూడా వైడ్ రిసీవరే. 2024 డ్రాఫ్ట్‌లో లాస్ ఏంజిల్స్ చార్జర్స్ అతనిని ఎంచుకుంది.