పురిటి గదిలో లావెండర్



జూలై నెల వస్తే రెడ్‌మండ్ వైపు మనవాళ్ళు చాలామంది ఫెర్రీ ఎక్కి స్క్విమ్ ఊరి లావెండర్ తోటలు చూడటానికి వెళతారు. అందరూ ఫోటోలు తీసుకుంటూ ఉంటే, నాకు మాత్రం ఆ వాసనకి మా అమ్మాయి పుట్టిన రాత్రి గుర్తుకొస్తుంది.

అది 2001. రెడ్‌మండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. తొలి కాన్పు. అమ్మకి వీసా రాలేదు. నొప్పులకన్నా నాకు భయమే ఎక్కువగా ఉంది. పై ఫ్లాటులో ఉండే అక్కయ్యగారు తోడు వచ్చారు. నర్సుని అడిగి, చేతిరుమాలు మీద రెండు చుక్కల లావెండర్ నూనె వేసి నా ముక్కు దగ్గర పెట్టారు. "మెల్లగా పీల్చమ్మా, మెల్లగా వదులు" అంటూ తెల్లవార్లూ నా చెయ్యి వదల్లేదు. నొప్పి తగ్గిందని చెప్పలేను. వణుకు మాత్రం తగ్గింది.

ఆ రుమాలు కథ ఎక్కడ మొదలైందో తరువాత తీరిగ్గా చదివి తెలుసుకున్నాను. ఫ్రాన్సులో రెనే మోరిస్ గాట్‌ఫోసే అనే రసాయన శాస్త్రవేత్తకి 1910లో ప్రయోగశాల పేలుడులో చేతులు కాలాయి. ఆ పుండ్లకి లావెండర్ నూనె వాడి గుణం చూసిన ఆయన, 1937లో తన పుస్తకానికి 'అరోమాథెరపీ' అని పేరు పెట్టారు.

పురిటి గదిలో దీన్ని పెద్దయెత్తున వాడి లెక్క రాసినవారు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ మిడ్‌వైఫులు. 1990 నుంచి 1998 దాకా 8,058 మంది తల్లులకి లావెండర్, గులాబి, మన సాంబ్రాణిలాగే చెట్టు బంక నుంచి వచ్చే ఫ్రాంకిన్సెన్స్ వంటి నూనెలు వాడారు. సగం మందికి పైగా మేలు చేసిందన్నారు. అయితే అది తల్లులను చీటీలు వేసి రెండు జట్లుగా విడదీసి పోల్చిన పరీక్ష కాదు. అలాంటివి వెతికిన కోక్రేన్ సమీక్షకి 2011లో రెండే దొరికాయి. నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం చాలదని తేల్చారు. ఇరాన్‌లో జరిగిన చిన్న పరీక్షలు కొన్ని ఆందోళన తగ్గినట్టు చూపాయి.

తోడు మనిషి విషయంలో మాత్రం ఆధారం గట్టిది. 2017 నాటి మరో కోక్రేన్ సమీక్ష 15 వేల మందికి పైగా తల్లుల వివరాలు చూసింది. కాన్పు పొడుగునా ఒకరు తోడున్నవారికి సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ. అలా తోడుండేవారిని ఇక్కడ డౌలాలు అంటారు. మన పక్కనే సియాటిల్‌లో ఉండి 2024లో కన్నుమూసిన పెన్నీ సిమ్‌కిన్, 1992లో వారి సంఘాన్ని స్థాపించిన వారిలో ఒకరు.

ఇదంతా ఫోనులో అమ్మకి చెబితే, "మా రోజుల్లోనూ సాంబ్రాణి వేసేవాళ్ళే. కానీ వేసే మనిషి పక్కనే ఉండేదిగా!" అంది. రాలేకపోయిన బాధ ఆ గొంతులో ఇంకా ఉంది.

లావెండర్ వాడాలనుకుంటే ముందు మీ డాక్టరునో మిడ్‌వైఫునో అడగండి. నూనె మింగకూడదు, నేరుగా ఒంటికి రాయకూడదు. మీ అపార్ట్‌మెంటులో నెలలు నిండిన అమ్మాయి ఉండి, వాళ్ళమ్మ రాలేకపోతే, ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. "నేనొస్తాను తల్లీ" అనండి.

సెలవు.