డీసీఎం అను బండి

తెలుగు పత్రికలో నేడు "డీసీఎం" అను మూడక్షరములు కనబడినచో, అది ఉపముఖ్యమంత్రిగారిని గూర్చిన వార్తయా, లేక సామాను బండిని గూర్చిన వార్తయా అని పాఠకుడు ఒక్క క్షణము ఆగి చూడవలసివచ్చుచున్నది. పక్కన "పర్యటన" అని యున్న మొదటిది. "బోల్తా" అని యున్న రెండవది. మొదటి అర్థము నిన్నమొన్నటిది. రెండవదానికి నలువదేండ్ల చరిత్ర కలదు. మన ప్రసంగము ఆ రెండవ డీసీఎమును గూర్చియే.

ఇది లారీకంటె చిన్నది, ట్రాలీ ఆటోకంటె పెద్దది. హైదరాబాదులో ఇల్లు మారువారు మొదట మాట్లాడుకొనునది డీసీఎమునే. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతములలో 1998లో సైబర్ టవర్స్ భవనము తెరచిన నాటినుండి లేచిన గాజుమేడలలోనికి బల్లలు, కుర్చీలు, శీతల యంత్రములు చేరినది అధికముగా ఈ తరహా బండ్లమీదనే. హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేళ్లు పెద్దలు ఆలోచించి పెట్టినవి. డీసీఎం అను పేరు అట్లు కాదు. దానిని ఈ బండి జాతి కంతటికి ఎవరును పెట్టలేదు; అది వాడుకలో తనంతట తాను నిలిచినది.

బరువులు మోయువానికి పేళ్లు వచ్చిన తీరు వెనుకటినుండియు చిత్రమైనదే. "బండి" మన సొంత మాట. అది ఎడ్లబండినుండి పొగబండి కెక్కి, నేడు యువకుల మోటారు సైకిలునకు గూడ చెల్లుచున్నది. కాని పూర్వము దూరపు సరకునకు బండికంటె ఎద్దు వీపే ఎక్కువగా పనికివచ్చెడిది. ఇరువైపుల వ్రేలాడునట్లు ఎద్దుపై వేయు గోనెకు "పెరిక" అని పేరు. ఆ వృత్తిలో నున్నవారు పెరికవారైరి. పదునేడవ శతాబ్దిలో మన దేశమున తిరిగిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారుగా ధాన్యమును, ఉప్పును మోసికొనిపోవుటను వర్ణించినాడు. అట్టి బిడారు త్రోవకు అడ్డముపడిన బాటసారికి అది దాటిపోవువరకు నిలుచుట తప్ప గత్యంతరము లేదు. సాయంకాలము బయో డైవర్సిటీ కూడలిలో చిక్కుకొన్నవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

బిడారునకు పారసీకమున "కార్వాన్" అని పేరు. హైటెక్ సిటీకి దక్షిణముగా కొద్ది మైళ్ల దూరములో గోలకొండ కోట ఉన్నది. ఆ కోటకును మూసీ నదికిని నడుమ కార్వాన్ అను పేట నేటికిని ఉన్నది. గోలకొండ సుల్తానుల కాలమున వర్తకులు దిగిన చోటు అది. ఆ పారసీక పదమే ఐరోపాకు పోయి, ఆంగ్లమున "క్యారవాన్" అయి, అచ్చట తల తెగి "వ్యాన్"గా మిగిలి, మోటారుతో తిరిగి మన దేశమునకు వచ్చినది. పత్రికలవారు "డీసీఎం వ్యాను" అని వ్రాయునప్పుడు, తమకు తెలియకుండగనే కార్వాన్ పేట పేరును మరల వాడుచున్నారన్నమాట.

"లారీ" కథ ఇంత రమ్యముగా లేదు. మోటారు పుట్టకముందే పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండున, అంచులు లేని చదును బండికి ఆ పేరుండెడిది. ఉత్తర హిందూస్థానమువారు "ట్రక్" అన్నను మనము లారీనే వదలలేదు.

ఇక డీసీఎం. ఈ అక్షరములను విప్పిచూచినచో బండి కనబడదు, బట్ట కనబడును. 1889లో ఢిల్లీలో స్థాపితమైన ఢిల్లీ క్లాత్ అండ్ జనరల్ మిల్స్ అను నూలుమిల్లు పేరే అది. లాలా శ్రీరాం నాయకత్వమున ఆ సంస్థ పెరిగి చక్కెరకును, ఇతర పరిశ్రమలకును విస్తరించినది. 1980ల నాటికి మన రహదారులపై బరువైన లారీలును, మూడు చక్రముల టెంపోలును కలవు గాని, నడిమి తరగతి బండ్లు చాల తక్కువ. ఆ లోటును పూరించుటకై జపాను సంస్థలతో నాలుగు కూటము లేర్పడినవి: డీసీఎం టొయోటాతోను, పంజాబులోని స్వరాజ్ మజ్దాతోను, ఐషర్ మిత్సుబిషితోను, మన హైదరాబాదు ఆల్విన్ నిస్సాన్‌తోను చేతులు కలిపినవి.

ఇచ్చటనే ఆలోచింపవలసిన విషయ మున్నది. ఆల్విన్ మన ఊరి సంస్థ, 1942లో పుట్టినది. సనత్‌నగరులోని దాని కర్మాగారము రెండంతస్తుల బస్సులకు పైకట్టు కట్టినది. ఆల్విన్ రిఫ్రిజిరేటరు, ఆల్విన్ చేతిగడియారము లేని మధ్యతరగతి యిల్లు ఒకప్పుడు అరుదు. ఆ సంస్థ నిస్సాన్ బండ్లను చేసినది జహీరాబాదులో. అది హైదరాబాదునుండి పశ్చిమముగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, ముంబయి రహదారిపై ఉన్నది. గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా పోవు పాత బొంబాయి రోడ్డును పట్టుకొని పోయినచో చేరునది ఆ ఊరే. ఇంత దగ్గరలో పుట్టిన బండి పేరు జనుల నోట నిలువలేదు. ఢిల్లీ నూలుమిల్లు పేరు నిలిచినది!

కారణమేమి? ముందుగా వాడుకలోనికి వచ్చిన పేరు తరువాత వచ్చిన తోబుట్టువుల కన్నిటికి అంటుకొనుట లోకరీతి. వనస్పతి యంతయు డాల్డా అయినట్లు, నకలంతయు జిరాక్సు అయినట్లు ఇదియు జరిగినది. పైగా అక్షరములు మూడే. డ్రైవరు, క్లీనరు, హమాలీ నోట సులువుగా పలుకును. టొయోటా అను మాటకు ఆ సౌలభ్యము లేదు. కనుకనే జపాను పేరు జారిపోయి మిల్లు పేరు మిగిలినదని నా అభిప్రాయము.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఆల్విన్ వారి జహీరాబాదు కర్మాగారము మహీంద్రా వారి పరమైనది. డీసీఎం టొయోటాను 1990ల మధ్యలో కొరియా సంస్థ దేవూ చేజిక్కించుకొని, సియెలో కార్లను చేసి, తానును అంతరించినది. ఢిల్లీలోని ఆ మిల్లు మగ్గములు ఆగి దశాబ్దములు గడచినవి. అయినను నేడు "ఐషర్ డీసీఎం" అమ్మకమునకు కలదని ప్రకటనలు వచ్చుచున్నవి. ఒక కంపెనీ బండిని దాని పోటీదారు పేరుతో పిలుచుట ఎవరికిని వింతగా తోచుట లేదు. 2005లో వచ్చిన టాటా ఏస్ బండికి నగరవాసులు "ఛోటా హాథీ" అని ముద్దుపేరు పెట్టుకొనిరి గాని, డీసీఎం స్థానము చెక్కుచెదరలేదు.

ఈ మాటతో వార్తలలో "బోల్తా" ఏల జోడుగా వచ్చునో గూడ చెప్పవలసి యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము సామాను బండిని ప్రయాణికుల బండినుండి వేరుపరచినది. కాని పెండ్లివారికి, జాతరకు పోవువారికి, పత్తి ఏరు కూలీలకు తెలంగాణ పల్లెలలో చవుకగా దొరకు బండి డీసీఎమే. వెనుక భాగమున కూర్చుండుటకు బల్ల గాని, పట్టుకొనుటకు కమ్మి గాని ఉండదు. మలుపులో సామాను ఒరిగినచో నష్టము రూపాయలలో తేలును. మనుష్యులు ఒరిగినచో అట్లు కాదు.

2020 వసంతమున దేశము తలుపులు మూసికొన్నప్పుడు, ఈ మేడలు కట్టిన ఒడిశా, బీహారు, జార్ఖండు కూలీలు పనిలేక నిలిచిపోయిరి. మే 1వ తేదీన దేశములో తొలి శ్రామిక రైలు సైబరాబాదు అంచుననున్న లింగంపల్లి నుండియే, సుమారు 1,200 మందితో జార్ఖండులోని హటియాకు బయలుదేరినది. వారిలో పలువురు కంది వద్ద ఐ.ఐ.టి. భవనములను కట్టుచున్నవారు. రైలు దొరకనివారు నాగపూరు రహదారిని పట్టి, దొరకిన సామాను బండి నెక్కిరి. ఆ నెలలోనే హైదరాబాదునుండి మామిడిపండ్లతో ఉత్తర ప్రదేశమునకు పోవుచున్న లారీ యొకటి మధ్యప్రదేశములోని నర్సింగ్‌పూర్ జిల్లాలో తిరగబడి, పండ్లమీద కూర్చుండి పోవుచున్న కూలీలు కొందరు మరణించిరి. ఆ లారీ చీటీలో వ్రాసిన సరకు మామిడిపండ్లు మాత్రమే.