చక్రాల మీద ఇల్లు

ఊరికి బయలుదేరిన ఇల్లాలికి వీధి మలుపు తిరగ్గానే బెంగ పట్టుకుంటుంది. గ్యాస్ కట్టేశానా? పెరటి తలుపు గడియ వేశానా? అసలు ఇల్లే మనతో వచ్చేస్తే ఈ బాధ ఉండదు కదా అని నాకెన్నోసార్లు అనిపించింది. నవ్వకండి. అలా ఇల్లు వెంటబెట్టుకుని తిరిగిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు.

ఆయన పేరు డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్. స్కాట్లండు మనిషి. నౌకాదళంలో వైద్యుడిగా చేసి, తర్వాత పిల్లలకి సాహస కథలు రాసుకుంటూ ఇంగ్లండులో స్థిరపడ్డాడు. 1885లో బ్రిస్టల్‌లో 18 అడుగుల బండి కట్టించి, దానికి 'వాండరర్' అని పేరు పెట్టాడు. దేశదిమ్మరి అన్నమాట! లోపల సోఫా, పుస్తకాల బీరువా, వంటకి చోటు, అన్నీ ఉన్నాయి. లాగడానికి రెండు గుర్రాలు. తోడుగా ఓ కుక్క, ఓ చిలక. దారి చూడడానికి నౌకరు మూడుచక్రాల సైకిలు తొక్కుతూ ముందు వెళ్ళేవాడు. అలా ట్వైఫర్డ్ నుంచి గ్రాంపియన్ కొండలు దాటి ఇన్వర్‌నెస్ దాకా వెళ్ళాడాయన.

ఆ కొండదారి అప్పటికి నిశ్శబ్దంగా ఉండేది. కానీ పుట్టినప్పుడు కాదు. తిరగబడే కొండజాతుల్ని అదుపులో పెట్టేందుకు, డంకెల్డ్ నుంచి ఇన్వర్‌నెస్‌కి సైన్యం నడవడానికని జనరల్ వేడ్ 1728-30 మధ్య వేయించిన దారి అది. తర్వాత గుర్రపు కోచీలు తిరిగాయి. 1863లో ఆ కొండల్లోకి రైలొచ్చింది. జనమంతా రైలెక్కారు, బాట ఖాళీ అయింది. డాక్టరుగారికి ప్రశాంతత దొరికింది.

ఆయన తనను తాను 'పెద్దమనిషి జిప్సీ' అని చెప్పుకునేవాడు. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. అసలు జిప్సీల్ని దేశం విడిచి పొమ్మని 1530లో చట్టం చేసింది ఆ ఇంగ్లండే. 1554లో ఉరిశిక్ష కూడా పెట్టింది.

అంత దూరమెందుకు, మన ఎరుకలవాళ్ళనే చూడండి. పిల్లాపాపలతో, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు. రైలొచ్చి ఆ బేరం పోయింది. డాక్టరుగారికి ప్రశాంతత ఇచ్చిన రైలే వీళ్ళ పొట్ట కొట్టింది. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తిరిగేవాళ్ళంతా దొంగలే అన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది అందుకే. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయింది గాని, ముద్ర అంత తొందరగా పోతుందా?

అక్కడ 1907లో కారవాన్ క్లబ్బు పెట్టారు. డాక్టరుగారు దానికి ఉపాధ్యక్షుడు. గుర్రాలు పోయి ఇంజన్లొచ్చాయి. ఇప్పుడు మోటారు ఇళ్ళల్లో హాయిగా కొండలెక్కుతున్నారు. కాని అదే దేశంలో 2022లో మరో చట్టం వచ్చింది. పరాయి స్థలంలో బండి ఆపి కాపురం పెట్టి, పొమ్మన్నా పోకపోతే జైలుకి పంపవచ్చు. అది ముఖ్యంగా ఎవరికి తగులుతుందో వేరే చెప్పాలా?

వెనకాల తాళం వేసిన ఇల్లు ఒకటుంటే, చక్రాల ఇల్లు విహారం. ఉన్నదల్లా ఆ బండే అయితే, అది నేరం.

ఈసారి వీధి మలుపులో బెంగ పట్టుకున్నా విసుక్కోను. వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి నాకంటూ ఓ తలుపుంది కదా!