డార్జిలింగు చిన్న యింజనులు

రైళ్ల చరిత్ర యనగానే మనకు మొదట స్ఫురించునవి పెద్ద కంపెనీలు, మహానదులపై కట్టిన వంతెనలు, రాత్రింబవళ్లు పరుగెత్తు మెయిలు బండ్లు. చిన్న రైళ్ల సంగతి అడుగువారు తక్కువ. కాని మనుష్యుడు ఒక యంత్రమును తన యవసరమునకు ఎట్లు దిద్దుకొనెనో, దిద్దుకొన్న దానిని ఎట్లు కాపాడుకొనెనో తెలిసికొనవలెనన్న చిన్న రైళ్ల చరిత్రయే మేలు. డార్జిలింగు హిమాలయ రైల్వే యింజనుల కథ అట్టిది.

కలకత్తా వైపునుండి సిలిగురి వరకు రైలుమార్గము 1878లో ఏర్పడినది. అటుపై డార్జిలింగునకు పోవలెనన్న కొండబాటను టాంగాలు, ఎడ్లబండ్లే గతి. సిలిగురిలో టన్ను 98 రూపాయలకు దొరకు బియ్యము కొండమీదికి చేరునప్పటికి 238 రూపాయలగుచుండెను. ఈస్టరన్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజి ఈ వ్యత్యాసమును చూపి, ఉన్న బాట వెంబడినే చిన్న పట్టాలు పరచిన చాలునని ప్రతిపాదించెను. బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సర్ ఆష్లీ ఈడెన్ అందుకు సమ్మతించెను. 1879లో పని ఆరంభమైనది. 1880 ఆగస్టులో కర్సియాంగు వరకును, 1881 జూలైలో డార్జిలింగు వరకును బండి నడచినది.

పట్టాల నడిమి ఎడము రెండే అడుగులు. సుమారు 400 అడుగుల ఎత్తుననున్న సిలిగురిలో బయలుదేరిన బండి, ఘుమ్ స్టేషను చేరునప్పటికి 7,407 అడుగుల ఎత్తున నుండును. దారిలో ఒక్క సొరంగమైనను లేదు. కొండ మరీ నిలువుగా అడ్డుపడినచోట మార్గము చుట్టు తిరిగి తన పట్టాలను తానే దాటిపోవును. లేదా బండి కొంతదూరము వెనుకకు నడచి, మెలికవేసి, మరల ముందుకు సాగును.

ఇట్టి దారికి మొదట తెచ్చిన యింజనులు చాల చిన్నవి. సరుకు పెరిగినకొలది వాని బలము చాలకపోయెను. అప్పుడు 1889లో గ్లాస్గో నగరపు షార్ప్ స్టువర్ట్ కంపెనీవారు ‘బి’ తరగతి యింజనును నిర్మించియిచ్చిరి. అది మొదలు 1920ల వరకు అదే నమూనాలో మొత్తము 34 యింజనులు తయారైనవి. షార్ప్ స్టువర్ట్ కంపెనీ విలీనమైన నార్త్ బ్రిటిష్ కంపెనీవారు కొన్నింటిని, అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీవారు మూడింటిని చేసిరి. మరి మూడు ఈ రైల్వేకు చెందిన తిన్‌ధారియా కార్ఖానాలోనే రూపొందినవి. దేశములు వేరైనను, కార్ఖానాలు వేరైనను యింజను మాత్రము ఒక్కటే.

ఇంతకు దాని గొప్ప యేమి? దానికి ఉన్నవి నాలుగే చక్రములు. నాలుగును బండిని లాగునవే. ఒక్కొక్క చక్రపు వ్యాసము 26 అంగుళములు. యింజను బరువంతయు లాగు చక్రములమీదనే పడుటచేత పట్టాలపై వానికి పట్టు కుదురును. నీటితొట్టి బాయిలరుపై జీనువలె కూర్చుండును. బొగ్గుతొట్టికిని బాయిలరుమీదనే చోటు. వెనుక వేరొక నీటిబండి తగిలించినచో దాని బరువు లాగుడుకు భారమే గాని బలము కాదు. చక్రముల నడిమి దూరము తక్కువగుటచేత, అరువది అడుగుల వ్యాసార్ధము గల వంపులలోకూడ ఆ యింజను తిరుగగలదు.

యంత్రమొక్కటియే కొండ యెక్కలేదు. డ్రైవరు, ఫైర్‌మన్ గాక, బొగ్గు పగులగొట్టుటకు యింజనుపై ఒక మనిషి, ముందుభాగమున కూర్చుండి పట్టాలపై ఇసుక చల్లుటకు ఇద్దరు, మొత్తము అయిదుగురు పనిచేయుచుండిరి. ఆ కొండలలో మంచు, వాన తరచు. తడిసిన యినుముపై యినుపచక్రము జారును. గుప్పెడు ఇసుక సరియైన క్షణమున పడకపోయిన చక్రములు ఉన్నచోటనే తిరుగును. శాస్త్రజ్ఞుడు లెక్కవేసిన పట్టును నిలబెట్టినది ఇసుక చల్లు కూలివాని చేయి. చరిత్ర గ్రంథములలో ప్రెస్టేజి పేరున్నది. ఇసుకవాని పేరు లేదు.

ఇంతకంటె పెద్ద యింజనులను ప్రయత్నింపకపోలేదు. 1911లో బేయర్ పీకాక్ కంపెనీ నిర్మించిన గారట్ యింజనును, రెండింటి పని ఒక్కటే చేయునను ఆశతో తెప్పించిరి. ఆ రకము మరల రెండవది కొనలేదు. 1914లో వచ్చిన రెండు పెద్ద యింజనులు పల్లపు మార్గమునకే పరిమితమైనవి. కొండమీద ‘బి’ తరగతియే నిలిచినది. కారణము మాకు తోచినంతలో ఇది: చిన్న యింజనుతో చిన్న బండి, రద్దీ యెక్కువైనచో ఒకదాని వెనుక నొకటిగా మరి రెండు బండ్లు నడుపవచ్చును. ఒక యింజను చెడినచో ఒక్క చిన్న బండియే ఆగును. దాని భాగములు మరియొకదానికి అక్కరకు వచ్చును.

ఇక్కడనే ఒక ప్రశ్న పుట్టుచున్నది. బాయిలరు మారినది, చక్రములు మారినవి, గొట్టములు మారినవి. 1889నాటి యింజను అనదగినది ఇంక నేమి మిగిలినది? నమూనా మిగిలినది, దానిని విప్పి కూర్చు విద్య తిన్‌ధారియాలో మిగిలినది. తాత నేర్చిన విద్యను మనుమడు నేర్చినంతకాలము ఆ యింజను పాతది కాదు.

1948లో ప్రభుత్వము ఈ రైల్వేను కొనినది. 777వ నంబరు యింజను ఢిల్లీలోని రైలు మ్యూజియమును చేరినది. మరియొకటి 1962లో అమెరికాకు అమ్ముడుపోయి, 2002లో ఇంగ్లండు చేరి, అచట మరల పొగ విడిచినది. 1999 డిసెంబరులో యునెస్కో ఈ మార్గమును ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించినది. ఆ మరుసటి యేడే డీజిలు యింజనులు కొండ యెక్కినవి. 2010లో కొండచరియలు విరిగి మార్గము తెగిపోగా, సిలిగురి వైపునుండి డార్జిలింగునకు సూటిగా బండి నడచుటకు 2015 వరకు వేచియుండవలసివచ్చెను.

నేటికిని డార్జిలింగు, ఘుమ్ నడుమ యాత్రికులకై ఆవిరి బండ్లు నడుచుచున్నవి. అది సంతోషమే. కాని వారసత్వమని పలక తగిలించినంతమాత్రమున యింజను కదలదు. గాజుపెట్టెలో నిలిపిన యింజనును తుడుచుటకు ఒక గుడ్డ చాలును. కొండ నెక్కించుటకు మంట తెలిసిన ఫైర్‌మన్ కావలెను, బాయిలరు చప్పుడు విని దాని రోగము చెప్పగల మేస్త్రీ కావలెను. యింజనులకు ఖర్చుపెట్టుటకు ఎవరును వెనుదీయరు. ఆ మేస్త్రీవద్ద పని నేర్చుకొను కుఱ్ఱవానికి జీతమెవరు ఇత్తురన్నదే ప్రశ్న. దానికి సమాధానము దొరకినన్నాళ్లే ఆ కొండలలో ఆవిరి కూత వినవచ్చును.