పర్లాకిమిడి పంతులుగారి సవర బడి

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని ఉపన్యాసాలు చెప్పుకుంటాం. తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజునే జరుపుకోవడం అన్ని విధాలా సబబు. అయితే ఆ సభల్లో రెండు సంగతులకు తగినంత చోటు దొరకడం లేదు. పంతులుగారు యాభైఆరేళ్ళు గడిపిన పర్లాకిమిడి నేడు ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. ఇది మొదటిది. తెలుగు కోసం కలం పట్టడానికి ముందే ఆయన, లిపి కూడా లేని మరొక భాష కోసం పదేళ్ళకు పైగా పాటుపడ్డారు. ఇది రెండోది. రాష్ట్రేతరాంధ్రులమైన మనకు ఈ రెండూ ముఖ్యమైనవే.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. భాషాశాస్త్రంలో తీర్పులు చెప్పే అర్హత నాకు లేదు. కాని ఒక మనిషి చేతికి ఏమి వచ్చింది, ఏమి పోయింది, మిగిలినదానితో ఏమి చేశాడు అని చూడటం మా వృత్తిలో అలవాటు. పంతులుగారి జీవితాన్ని ఆ చూపుతోనే పరిశీలించాను.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే జ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడి వయస్సు పన్నెండేళ్ళు. ఆ తర్వాత విజయనగరంలో మేనమామగారి ఇంట ఉంటూ మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడాదే ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు.

కాలేజీలో కూర్చుని చదువుకునే యోగం ఆయనకు పట్టలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో తానే చదువుకుని, ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు గట్టెక్కారు. రెంటికీ మధ్య పదేళ్ళు. ఉద్యోగం చేసుకుంటూ డిపార్టుమెంటు పరీక్షలకు కూర్చున్నవారికి ఆ పదేళ్ళ బరువు ఎంతో తెలుస్తుంది.

గురువు లేనివాడు ఎదురుగా ఉన్నదాన్నే గురువు చేసుకుంటాడు. ముఖలింగం గుళ్ళలోని శాసనాలు చదవాలని పంతులుగారు ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఆధారాలతో వాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. తెలుగువారూ ఒడియావారూ కూడా తమదని చెప్పుకునే కళింగ చరిత్రకు ముప్పై రూపాయల జీతంతో మొదలుపెట్టిన ఒక బడిపంతులు చేసిన సేవ ఇది.

పర్లాకిమిడికి పైన మన్యం. ఆ కొండల్లో సవరలు ఉంటారు. సంతకు దిగివచ్చే సవరలను పట్టణంలో అందరూ చూస్తూనే ఉండేవారు. వాళ్ళు తెచ్చిన చింతపండు కావాలి, పసుపు కావాలి, వాళ్ళ మాట మాత్రం ఎవరికీ అక్కరలేదు. కొండ దిగిన సవరకు అప్పిచ్చే షావుకారు భాష ఒకటి, కచేరీ భాష మరొకటి. తన గోడు తన నోటితో చెప్పుకోవడానికి కుదరనివాడి చేత ఏ కాగితం మీదనైనా వేలిముద్ర వేయించవచ్చు. చదవనివాడి పేరున రాసిన పత్రం ఎలాంటిదో బ్యాంకు ఉద్యోగం చేసినవారికి నేను వివరించనక్కరలేదు.

సవర భాష తెలుగుకు గాని ఒడియాకు గాని బంధువు కాదు. అది ముండా కుటుంబానికి చెందింది. సంతాలీ, ముండారీ దాని చుట్టాలు. పంతులుగారు నేర్చుకోవాలనుకున్ననాటికి దానికి లిపి లేదు. తెలుగువాడి చేతిలో పెట్టి ఇది చదువుకో అనగలిగే వాచకం కూడా లేదు. అందుకని తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషి మాట్లాడుతుంటే వినడం, విన్నది రాసుకోవడం, రాసుకున్నది మళ్ళీ పలికి సరిచూసుకోవడం. ఏళ్ళ తరబడి ఇదే పని. సవరలో గొంతు చప్పున బిగపట్టి వదిలే ధ్వని ఒకటి ఉంది. మన అక్షరాల్లో దానికి గుర్తు లేదు. అలాంటివి పుస్తకంలో దొరకవు, చెవితోనే పట్టుకోవాలి.

నేర్చుకుని ఊరుకోలేదు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. పిల్లవాడికి తల్లి నేర్పిన మాటలోనే మొదటి పాఠం చెప్పాలన్నది నేడు అందరూ ఒప్పుకునే సంగతి. ఆనాడు దాన్ని చేతల్లో చూపించడానికి పంతులుగారి సంసారపు ఖర్చుల్లోంచి డబ్బు పోయింది. మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది ఈ కృషికే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో సవరల గురించిన భాగానికి కూడా పంతులుగారి సమాచారం తోడ్పడింది.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం డబ్బు ఒక్కటే కాదు. మన్యంలో తిరిగినందుకు జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను మింగారు. క్వినైను జ్వరాన్ని తగ్గించి చెవులను తీసుకుపోయింది. చెవుడు జీవితాంతం ఉండిపోయింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటె పెద్ద దెబ్బ ఏముంటుంది? అక్కడితో సవరకు నమస్కారం పెట్టి ఊరుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఊరుకోలేదు. మొత్తం ముప్పైఅయిదేళ్ళ శ్రమ ఫలించి 1931లో ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. రెంటినీ మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు కూడా ఈ సవర కృషిలో తండ్రికి తోడుగా నిలిచారు.

ఇక తెలుగు సంగతి. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి ఎందుకయిందని అడిగాడు. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడవారు, పర్లాకిమిడిలో మన పంతులుగారు ఆ ప్రశ్నను అందిపుచ్చుకున్నారు. 1911లో ముప్పై ఏళ్ళ ఉద్యోగం ముగించుకుని విశ్రాంతి తీసుకోవలసిన వయసులో పంతులుగారు కొత్త యుద్ధానికి దిగారు.

అంతమంది విద్వాంసుల్లో ఈ విషయం పంతులుగారికే అంత గట్టిగా ఎందుకు పట్టింది? నాకు తోచిన సమాధానం సవర బడిలోనే ఉంది. సవరకు కావ్యం లేదు, లక్షణ గ్రంథం లేదు, నన్నయ లేడు, చిన్నయసూరి లేడు. అయినా సవరవాడి మాటకు నియమం ఉంది. ఏ పదం ఎక్కడ ఎలా మారాలో అడవిలో పశువులు కాసే పిల్లవాడికి తెలుసు. అంటే వ్యాకరణం పుస్తకంలో పుట్టి మనిషి నోటికి రాదు, నోటిలో ఉన్నదాన్నే పుస్తకం పట్టుకుంటుంది. ఈ సత్యాన్ని కొండమీద ఏళ్ళ తరబడి ప్రత్యక్షంగా చూసిన మనిషిని, రైతు మాట్లాడే తెలుగు తప్పుల తడక అని పండితులు ఒప్పించగలరా? గ్రాంథికమే శిష్టభాష అన్నవారికి ఆయన ఇచ్చిన జవాబుల వెనుక సవర కూడా సాక్షిగా నిలబడి ఉందని నా నమ్మకం.

ఆ యుద్ధం సుఖంగా సాగలేదు. 1913లో పంతులుగారు ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో ఒక విజ్ఞప్తి ప్రకటిస్తే, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ గ్రంథం ప్రకటించారు. పరీక్షలో వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చన్న ఉత్తర్వు వచ్చినట్టే వచ్చి వెనక్కు పోయింది. 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు. బడినాటి నేస్తమూ పోయాడు, ఉద్యమంలో కుడిభుజమూ పోయింది. పంతులుగారు ఒంటరిగానే ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. ఎదుటివారి ఆక్షేపణ సరిగా వినపడని మనిషి, మాట్లాడే భాష కోసం వాదిస్తూ తిరిగారు! 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. అది దీర్ఘాయుష్షుకు నోచుకోలేదు. చిన్న పత్రిక నడపడం ఎంత కష్టమో ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. చివరకు 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆధునిక భాషపై పెట్టిన నిషేధాన్ని ఎత్తివేసింది.

ఇంతా అయ్యాక ఆఖరి దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువారి కోరిక చెల్లలేదు. పదిహేడేళ్ళు నిండని కుర్రవాడిగా వచ్చి, అక్కడే జీవితమంతా గడిపిన డెబ్బైరెండేళ్ళ వృద్ధుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.

పంతులుగారు పర్లాకిమిడి విడిచిపోవడాన్ని కొందరు ఆత్మగౌరవం అంటారు. తెలుగువారిని అక్కడే వదిలి వెళ్ళారని మరికొందరు నొచ్చుకుంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. కాని మనం ఆలోచించవలసింది వేరు. ఆయన వెళ్ళిపోయారు, మనం ఉండిపోయినవాళ్ళం. బరంపురంలో, హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో, యానాంలో తరాలుగా ఉన్నవాళ్ళం. సరిహద్దు గీత ఎక్కడ పడాలో మన చేతిలో లేదు. ఆయన చేతిలోనూ లేకపోయింది. ఆయన చేతిలో ఉన్నదల్లా ఆ గీత పడకముందు గడిచిన యాభైఆరేళ్ళు. ఆ ఏళ్ళను ఆయన ఎలా వాడుకున్నారో పైన చెప్పుకున్నాం.

సాధారణంగా కష్టం మనిషిని తనలోకి ముడుచుకునేలా చేస్తుంది. నా భాషకు అన్యాయం జరిగింది, నా బడి మూతపడింది, నా పిల్లలకు అక్షరాలు రావడం లేదు అని మనం చెప్పుకునే మాటలన్నీ నిజమే. అర్జీలు పెట్టవలసిందే, అడగవలసిందే. అయితే తండ్రి లేని పిల్లవాడుగా, చాలని జీతంతో, పోయిన చెవులతో పంతులుగారు తనకంటె తక్కువ ఉన్నవాడి వైపు చూశారు. అక్కడ చేసిన పనే తిరిగివచ్చి ఆయన తెలుగు వాదానికి బలమిచ్చింది. సవర కోసం ఖర్చయిందనుకున్నది తెలుగు ఖాతాలో జమ పడింది.

తరువాతి కథ కూడా చెప్పుకోవాలి. పంతులుగారు పర్లాకిమిడి విడిచిన 1936లోనే, ఆ కొండల్లోనే, మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ‘సొరాంగ్ సోంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించారు. 2012లో ఆ లిపి కంప్యూటర్ల యూనికోడ్‌లోనూ చేరింది. పంతులుగారి పనికీ దానికీ నేరుగా సంబంధం ఉందని నేను అనడం లేదు. ఒక భాష తన కాళ్ళ మీద తాను నిలబడటం చూస్తే ఆయన సంతోషించేవారని మాత్రం అంటాను. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2007 నాటికి ఒడిశాలోనూ గిరిజన పిల్లలకు తల్లిభాషలో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు, రెండు రాష్ట్రాల జాబితాలోనూ సవర ఉంది. ఒక బడిపంతులు సొంత జీతంతో చేసిన ప్రయత్నం దగ్గరకు ప్రభుత్వాలు రావడానికి సుమారు వందేళ్ళు పట్టింది.

మన సంఘాలకు నాదొక చిన్న విన్నపం. వచ్చే ఆగస్టు 29న పంతులుగారి పేరు చెప్పినప్పుడు సవర పేరు కూడా చెప్పండి. పర్లాకిమిడి, గుణుపురం వైపున్న మనవాళ్ళు ఆ రోజు సభకు ఒక సవర ఉపాధ్యాయుణ్ణి పిలిచి, తన భాషలో నాలుగు మాటలు మాట్లాడమని అడగండి. మిగతా ఊళ్ళలోనూ మన పక్కనే మనకంటె చిన్న భాష ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని మాట్లాడేవారిని పిలవండి. వాళ్ళ మాటలు మనకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. పంతులుగారికి కూడా మొదటిరోజున సవర అర్థం కాలేదు.