డిస్కౌంట్‌లో పాత ల్యాప్‌టాప్, పూర్తి రేటుకు కొత్త మోడల్: కొనే ముందు ఏం చూడాలి?

ఇంటర్ అయిపోయి డిగ్రీలోనో బీటెక్‌లోనో సీటు ఖాయం కాగానే చాలా ఇళ్లలో వచ్చే తర్వాతి పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. షాపుకి వెళ్తే సేల్స్‌మన్ రెండు మెషీన్లు పక్కపక్కన పెడతాడు. ఒకటి రెండు మూడేళ్ల కిందటి మోడల్, ఎమ్మార్పీ కొట్టేసి పది పన్నెండు వేలు తగ్గించిన రేటు. రెండోది ఈ ఏడాది మోడల్, డబ్బా మీద ఏఐ అని స్టిక్కర్, తగ్గింపు పెద్దగా ఉండదు. అబ్బా చూపు మొదటిదాని మీద, పిల్లల చూపు రెండోదాని మీద. నిజానికి ఇద్దరూ చూస్తున్నది బయటి సంగతులే. మోడల్ వచ్చిన ఏడాదిని బట్టి గానీ, తగ్గింపు ఎంతన్న దాన్ని బట్టి గానీ లోపలి సరుకు తెలియదు.

ముందుగా పాతది అంటే ఏ పాతదో తేల్చుకోవాలి. సీల్ తీయని పాత స్టాక్ వేరు, షోరూమ్‌లో నెలల తరబడి ఆన్‌లో ఉంచిన డిస్‌ప్లే పీసు వేరు, ఆఫీసుల్లో వాడేశాక శుభ్రం చేసి అమ్మే రీఫర్బిష్డ్ వేరు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో మూడూ దొరుకుతాయి. మూడింటికీ డిస్కౌంట్ అనే ఒకే మాట వాడతారు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా సీల్ ఉన్న పాత స్టాక్ గురించి.

నంబర్ కొత్తది, లోపల పాతది

ప్రాసెసర్ పేరు పక్కనుండే నాలుగైదు అంకెలను చాలామంది వదిలేస్తారు. ఐ5 అన్నారా, చాలు అనుకుంటారు. కానీ ఐ5 పేరుతో పదేళ్లకు పైగా చిప్‌లు వస్తూనే ఉన్నాయి. ఏ ఐ5 అన్నది ఆ అంకెల్లోనే ఉంటుంది.

ఇంటెల్‌లో ఐ5-1135జీ7 అంటే పదకొండో తరం. 2020లో వచ్చింది, అందులో 4 కోర్లు. ఐ5-1235యూ పన్నెండో తరం, 2022లో వచ్చింది, 10 కోర్లు. వీటిలో 2 పెద్దవి, 8 చిన్నవి. ఈ రెండింటి మధ్య తేడా పనిలో తెలుస్తుంది. ఆ తర్వాత 2023లో ఐ5-1335యూ, 2024లో పేరులో ఐ అక్షరం తీసేసి కోర్ 5 120యూ వచ్చాయి. వీటిలోనూ అవే 2 పెద్ద, 8 చిన్న కోర్లు. గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.6కీ, తర్వాత 5.0కీ పెరిగింది. వర్డ్, ఎక్సెల్, జూమ్ క్లాసు, కోడింగ్ మొదటి పాఠాలు చేసుకునే విద్యార్థికి ఈ మార్పు రోజువారీ వాడకంలో పెద్దగా కనిపించదు. అంటే 1235యూ ఉన్న పాత మోడల్ పది వేలు తక్కువకి వస్తుంటే, 120యూ కోసం ఆ పది వేలు పెట్టడానికి ప్రాసెసర్ ఒక్కటే కారణం కాకూడదు. అదే 1135జీ7 అయితే తగ్గింపు ఇంకా బాగా ఉండాలి.

ఏఎండీ దగ్గర సంగతి ఇంకా విచిత్రం. రైజెన్ 5 5625యూ 2022 మొదట్లో వచ్చింది, 6 కోర్లు, జెన్ 3 డిజైన్. అదే ఏడాది చివర్లో రైజెన్ 5 7520యూ వచ్చింది. ఏడు వేల సిరీస్ కాబట్టి ఇదే కొత్తది, ఇదే మంచిది అని షాపులో చెబుతారు. లోపల చూస్తే 4 కోర్లే. డిజైన్ జెన్ 2, అంటే 2019 కాలం నాటిది. పైగా ఈ చిప్ వాడే మెమరీ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకునే దారి లేదు. ఇక్కడ పాత నంబర్ ఉన్నదే ఎక్కువ పని చేస్తుంది. ఏడు వేల సిరీస్‌లో మూడో అంకె డిజైన్ తరాన్ని చెబుతుంది. 7520లో అది 2, 7530లో 3, 7640లో 4. కొనేవాళ్లు మొదటి అంకె చూస్తే, అసలు విషయం మూడో అంకెలో ఉందన్నమాట. దీన్ని కంపెనీ దాచిందని అనలేం, వాళ్లే ప్రకటించిన పద్ధతి ఇది. షాపు కౌంటర్ దాకా ఆ సంగతి రాదు, అంతే.

ఇక ఏఐ స్టిక్కర్. మైక్రోసాఫ్ట్ 2024 మేలో కోపైలట్ ప్లస్ పీసీ అనే వర్గాన్ని ప్రకటించింది. దానికి కనీసం 16 జీబీ ర్యామ్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక ఏఐ భాగం ఉండాలి. ఏఐ అని స్టిక్కర్ ఉన్న ప్రతిదీ ఈ వర్గంలోకి రాదు. చాట్‌జీపీటీ లాంటివి నడిచేది కంపెనీ సర్వర్ల మీద, వాటికి ఇంట్లో ఇంటర్నెట్ బాగుంటే సరిపోతుంది. కాబట్టి ఆ స్టిక్కర్ కోసం డిగ్రీ పిల్లల ఇంటివాళ్లు అదనంగా డబ్బు పెట్టాల్సిన అవసరం ప్రస్తుతానికి కనిపించడం లేదు.

అసలు నిర్ణయం ర్యామ్ దగ్గర

ల్యాప్‌టాప్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని ఎప్పటికీ మారవు. ఎస్‌ఎస్‌డీ చాలా మోడళ్లలో మారుతుంది, బ్యాటరీ మారుతుంది. ప్రాసెసర్ మారదు. స్క్రీన్ మార్చడం ఖర్చుకి తగ్గ పని కాదు. ర్యామ్ మాత్రం మోడల్‌ను బట్టి ఉంటుంది. కొన్నింట్లో స్లాట్ ఖాళీగా ఉంటుంది, కొన్నింట్లో అంతా బోర్డుకే అతికి ఉంటుంది. బరువు తక్కువ, సన్నగా ఉన్న మోడళ్లలో ఇలా అతికించినవే ఎక్కువ.

విండోస్ 11 కి 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ కాగితం మీద రాసింది. దాన్ని నమ్మి కొనకూడదు. ఒక క్రోమ్ కిటికీలో పది ట్యాబులు, పక్కన క్లాసు వీడియో పెడితే 8 జీబీ కూడా నిండుతుంది. కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే 16 జీబీ లేకుండా సుఖం లేదు. అందుకే 16 జీబీ ఉన్న పాత మోడల్, 8 జీబీ అతికించి ఉన్న కొత్త మోడల్ ఒకే రేటులో ఉంటే, ప్రాసెసర్ మరీ పాతది కానంతవరకు పాతదే తీసుకోవాలి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు 8తో తీసుకుని తర్వాత వేసుకుందాం అనేది ఇన్నాళ్లూ మంచి సలహానే. 2025 చివరి నుంచి పరిస్థితి మారింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ పెరిగి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. క్రూషియల్ పేరుతో సామాన్య కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి తర్వాత వేసుకునే ర్యామ్ రేటు ఎంతో కొనే రోజే కనుక్కుని లెక్కలో కలపాలి. ఇదే కారణంతో, ధరలు పెరగకముందు తయారై షాపులో మిగిలిన 16 జీబీ పాత స్టాక్‌కి ఇప్పుడు నిజమైన విలువ ఉంది.

స్లాట్ ఉందో లేదో సేల్స్‌మన్ నోటిమాట మీద వదలొద్దు. పూర్తి మోడల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో వివరాల పట్టిక తెరిస్తే మెమరీ వరుసలో ఉంటుంది. ఆన్‌బోర్డ్ అనో సోల్డర్డ్ అనో రాసి ఉండి, స్లాట్ మాట లేకపోతే అది పెరగదు.

ఏడాదికి ఎంత పడుతుంది

రేటులో తేడా కాకుండా వాడిన ప్రతి ఏడాదికి ఎంత పడిందన్నది చూడాలి. పాత మోడల్ 42,000, కొత్తది 54,000 అనుకుందాం. రెండింట్లోనూ 16 జీబీ ఉంటే, పాతది నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి 10,500. కొత్తది ఐదేళ్లు నడిస్తే 10,800. దాదాపు సమానం, అప్పుడు చేతిలో 12,000 మిగిలే పాతదే మేలు. అదే పాత దాంట్లో 8 జీబీ మాత్రమే ఉండి, ర్యామ్‌కి ఇంకో 5,000 పెట్టాల్సి వస్తే 47,000 అవుతుంది. ఏడాదికి 11,750. అప్పుడు కొత్తదే చవక. ఇక అవసరం మూడేళ్ల డిగ్రీ వరకే అయితే లెక్క మళ్లీ తిరుగుతుంది. పాతది 14,000, కొత్తది 18,000 పడుతుంది.

ఈ లెక్కలో సాఫ్ట్‌వేర్ గడువులు కూడా కలపాలి. విండోస్ 10 కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. సీల్ ఉన్న రెండు మూడేళ్ల కిందటి స్టాక్‌కి దీంతో ఇబ్బంది లేదు. పదిహేను, పద్దెనిమిది వేలకు వచ్చే రీఫర్బిష్డ్ వాటిలో ఆరో తరం, ఏడో తరం ఉంటే మాత్రం వదిలేయడమే మంచిది. షాపువాడు ఏదో పద్ధతిలో విండోస్ 11 ఎక్కించి చూపించినా సరే.

ఎంఎస్ ఆఫీస్ ఫ్రీ అని చెబితే ఏ ఏడాది ఆఫీసో అడగాలి. ఆఫీస్ 2021 కి సపోర్ట్ 2026 అక్టోబర్ 13 వరకే. ఆఫీస్ 2024 అయితే 2029 అక్టోబర్ దాకా ఉంటుంది. పాత స్టాక్‌లో చాలాసార్లు 2021 ఉంటుంది. గడువు తర్వాత తెరుచుకోకుండా పోదు గానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

పాత మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 తగ్గింపులో కనిపిస్తే బీకాం పిల్లలు ఒకసారి ఆగాలి. ట్యాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రామ్, మ్యాక్‌లో నేరుగా నడవదు. ఎం1లో మెమరీ కూడా పెంచుకోలేం.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఎక్కడుంది

వడ్డీ వద్దనుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. నో కాస్ట్ అనే మాట చూసి ఇందులో వడ్డీ లేదనుకుని సంతకం పెట్టేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఎక్కువ పథకాల్లో జరిగేది వేరు. బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది. ఆ మేరకు కంపెనీగానీ షాపుగానీ ముందే డిస్కౌంట్ ఇస్తుంది. కట్టే మొత్తం సరిపోతుంది గానీ, కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ అనే వరుస ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. వడ్డీ 2,000 అయితే జీఎస్టీ 360. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఇది జాయిజా కాదా అన్నది ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాల్సిన మాట. అడిగేటప్పుడు నో కాస్ట్ అనే పేరు కాకుండా ఈ నిర్మాణం చెప్పి అడగాలి. డబ్బు చేతిలో ఉన్నవాళ్లు క్యాష్ రేటు వేరేగా అడగాలి, ఈఎంఐ డిస్కౌంట్‌కి పెట్టే సొమ్ములో కొంత ఇటు వచ్చే అవకాశం ఉంటుంది. కొత్త మోడల్ కోసం ఈఎంఐకి వెళ్లాల్సి వచ్చి, పాత మోడల్ చేతిలో ఉన్న డబ్బుకి వస్తుంటే, లోపలి సరుకు సరిపడినంతవరకు పాతదే సరైన నిర్ణయం.

ఇంట్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం ఉండి, ల్యాప్‌టాప్ ఆ వ్యాపారం కోసమే అయితే బిల్లు మీద జీఎస్టీ నంబర్ వేయించుకోవాలి. ధరలో 18 శాతం పన్ను కలిసి ఉంటుంది కాబట్టి 45,000 బిల్లులో సుమారు 6,864 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఇది రాదు. పిల్లల చదువు కోసం కొన్నదానికి కూడా తీసుకోకూడదు.

గల్ఫ్ నుంచి తెప్పిస్తే

దుబాయ్‌లోనో దోహాలోనో ఉన్న మామూ సెలవులకు వస్తూ ఒకటి తెస్తానంటే మూడో దారి తెరుచుకుంటుంది. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే తేల్చుకోవాలి, అన్ని కంపెనీలూ అన్ని మోడళ్లకూ ఇవ్వవు. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు ఉండొచ్చు. ప్లగ్గు అక్కడి మూడు చదరపు పిన్నులది ఉంటుంది, దానికి వైరు మార్చుకుంటే చాలు. వారంటీ లేకపోతే ధర తేడా ఎంతో చూసి నిర్ణయించుకోవాలి. రెండు మూడు వేల కోసం వారంటీ వదులుకోవడం లాభం కాదు.

బిల్లు కట్టే ముందు

డబ్బా మీద తయారీ లేదా దిగుమతి నెల, ఏడాది ముద్రించి ఉంటుంది. లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం అది ఉండాల్సిందే. పాత స్టాక్ ఎంత పాతదో అక్కడే తెలిసిపోతుంది, బేరానికీ పనికొస్తుంది. సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్‌లో వేసి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడాలి. కొన్నిసార్లు కంపెనీ సరుకు పంపిన తేదీ నుంచే లెక్క నడుస్తూ ఉంటుంది. అప్పుడు బిల్లు కాపీ పంపి కొన్న తేదీ నుంచి సరిచేయించుకోవాలి. అందుకే బిల్లు మీద సీరియల్ నంబర్ తప్పనిసరిగా ఉండాలి.

బ్యాటరీ డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. మెషీన్ ఆన్ చేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇస్తే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో బ్యాటరీ అసలు సామర్థ్యం, ఇప్పటి పూర్తి ఛార్జ్ సామర్థ్యం పక్కపక్కన ఉంటాయి. రెండూ దగ్గరగా ఉంటే సరే. 41,000 ఉండాల్సింది 33,000 చూపిస్తే దాదాపు ఐదో వంతు పోయినట్టే. అప్పుడు కొత్త బ్యాటరీ వేయమనైనా అడగాలి, రేటు తగ్గించమనైనా అడగాలి. చార్జింగ్ సైకిళ్ల లెక్క కూడా అదే ఫైల్‌లో కనిపిస్తే, సీల్ పీసు అన్నదానికి అది ఒకటి రెండు కంటే ఎక్కువ ఉండకూడదు. యాభై, అరవై ఉంటే అది డిస్‌ప్లే పీసే. అలాంటిది కొత్తదని అమ్మి, వెనక్కి తీసుకోమంటే షాపువాళ్లు ఒప్పుకోకపోతే బిల్లు, ఆ రిపోర్టు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.